బరువు మోయొద్దన్న చేతికి కూలి ఎవరిస్తారు?

కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్నాయని తేలిన మనిషికి మొదట జరిగే ఆపరేషన్ కిడ్నీకి కాదు, చేతికి. ముంజేతిలోనో మోచేతి దగ్గరో ఒక ధమనిని పక్కనున్న సిరకు కలిపి కుడతారు. దీన్నే ఫిస్టులా అంటారు. మత్తు ఆ చేతి వరకే ఇస్తారు. గంటా రెండు గంటల్లో పని అయిపోతుంది, అదే రోజో మర్నాడో ఇంటికి పంపేస్తారు. చూడ్డానికి చిన్న ఆపరేషనే. ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద చేయించుకుంటే డబ్బు కూడా కట్టనక్కర్లేదు. డిశ్చార్జి రోజు డాక్టరు ఒక మాట చెప్తారు: "ఈ చేత్తో బరువులు ఎత్తొద్దు."

ఆ మాట ఉద్యోగస్తుడికి ఒక జాగ్రత్త. మా వాడలో మనిషికి అది పని మానెయ్యమన్న ఉత్తరువు.

కిడ్నీ జబ్బు, ఆపరేషన్, ఆ తర్వాత బతుకు ఎట్లా సాగుతోందో తెలుసుకోవడానికి మేం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు మాల, మాదిగ వాడల్లో తిరుగుతున్నాం. పరిశోధన పేరుతో మొదలుపెట్టినా ఇది మాకు బయటి సంగతి కాదు. మా చిన్నాయనకే ఎడమ చేతికి ఫిస్టులా ఉంది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఒకటే. ఆసుపత్రిలో చెప్పే జాగ్రత్తలకూ ఇంటికొచ్చాక గడిపే రోజులకూ మధ్య ఉన్న ఖాళీ గురించి మనవాళ్లకు మన మాటల్లో చెప్పినవాళ్లు తక్కువ.

ముందు ఫిస్టులా సంగతి. డయాలసిస్ యంత్రం నిమిషానికి పావు లీటరుకు పైగా రక్తం లాగి, శుభ్రం చేసి తిరిగి పంపాలి. మామూలు సిర అంత వేగాన్ని తట్టుకోదు. ధమనిలోని ఒత్తిడి సిరలోకి వచ్చేట్టు చేస్తే ఆ సిర వారాల తరబడి సాగి, లావై, గోడ గట్టిపడుతుంది. అప్పుడు దానికి వారానికి ఆరు సూదులు గుచ్చినా ఓర్చుకుంటుంది. ఇట్లా పక్వానికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. ఈ లోపల మెత్తటి బంతిని పిడికిట్లో పెట్టుకుని నొక్కుతూ ఉండాలి. అది ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్తారు. చేత్తో తాకితే పిల్లి గురగురలాడినట్టు లోపల ఒక అదురు తెలుస్తుంది. అదే దాని ప్రాణం. పొద్దున లేవగానే, రాత్రి పడుకునే ముందు ఆ అదురు ఉందో లేదో చూసుకోవాలి. అది ఆగిపోయిందంటే లోపల రక్తం గడ్డ కట్టిందని అనుమానించాలి. రేపు చూద్దాంలే అనుకోకుండా అప్పుడే ఆసుపత్రికి పోవాలి. కొన్ని గంటల ఆలస్యంతోనే ఆ ఫిస్టులా పనికిరాకుండా పోవచ్చు.

ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు, సెలైన్ పెట్టనివ్వకూడదు. బిగుతు గాజులు, వాచీ వద్దు. ఆ చెయ్యి తలకింద పెట్టుకుని పడుకోకూడదు. "నా చేతికి కట్టొద్దు" అని నర్సుకు రోగే చెప్పాలి. కాగితం మీద ఇది ఒక్క వాక్యం. ఆసుపత్రిలో గట్టిగా మాట్లాడడం అలవాటు లేని మనిషికి మాత్రం ఆ ఒక్క వాక్యం అనడానికే ధైర్యం కావాలి. ఒక సెంటర్లో మేం కళ్లారా చూశాం. ఒక పెద్దమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంటే, "నువ్వే డాక్టరువా?" అని కసిరారు. ఆమె చెయ్యి ఇచ్చేసింది.

ఫిస్టులా పక్వానికి రాకముందే జబ్బు ముదిరితే మెడ దగ్గర పైపు వేస్తారు. మా వైపు చాలామందికి మొదట పడేది ఈ పైపే. జబ్బు ఉందని తెలిసేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది. పైపుకు సూక్ష్మక్రిములు త్వరగా సోకుతాయి, అవి నేరుగా రక్తంలో కలుస్తాయి. పైపు ఉన్నవాళ్లకు చలితో జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు. మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని పడుకోవడానికి లేదు. తలమీద నీళ్లు పోసుకోకూడదు, పైపు తడవకూడదు. స్నానాల గది లేని ఇంట్లో, తడికె చాటున నీళ్లు పోసుకునే ఆడమనిషికి ఈ జాగ్రత్త ఎట్లా కుదురుతుందో డిశ్చార్జి కాగితంలో ఉండదు. క్రియాటినిన్ పెరుగుతూ పోతుంటే, డయాలసిస్ తప్పదని డాక్టరు అంటుంటే, "ఇప్పుడే ఫిస్టులా వేయించుకోవాలా సార్?" అని ముందే అడగాలి. ఈ వ్యాసం చదివినవాళ్లు ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకుంటే అది ఇదే కావాలి.

ఇక కూలి లెక్క. సాధారణంగా కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ చేతికి ఫిస్టులా వేస్తారు, పని చేసే చెయ్యి మిగలాలని. పెన్ను పట్టేవాళ్లకు ఆ లెక్క సరిపోతుంది. పత్తి తీయడానికి రెండు చేతులూ కావాలి. చెనిక్కాయ చెట్లు పెరకడానికి, గడ్డిమోపు ఎత్తడానికి, బండలు మొయ్యడానికి, మండీలో మూటలు దించడానికి రెండూ కావాలి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి పనిలో ఉన్న మనిషి ఒక్క చేత్తో చేయగల పనేదో మాకు తట్టలేదు. మేస్త్రీలకు కూడా తట్టదు. చెయ్యి మీద సిరలు తాడులా ఉబ్బడం చూసి, "వీడికి ఏదో ఉంది" అని పనికి పిలవడం మానేస్తారు.

డయాలసిస్ వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు సుమారు 20 కిలోమీటర్లే. కానీ పల్లె నుంచి జమ్మలమడుగుకు రావాలి, బస్సు కోసం కాచుకోవాలి, యంత్రం ఖాళీ అయ్యేదాకా కూచోవాలి. నాలుగు గంటల వైద్యం ఒక రోజును మొత్తం తినేస్తుంది. సూదులు తీశాక ఒళ్లు పిండేసిన గుడ్డలా ఉంటుంది, పిక్కలు పట్టేస్తాయి, కొందరికి మర్నాటిదాకా తేరుకోదు. ఒక్కరే తిరిగి రావడం కష్టం గనక తోడు ఇంకొకరు పోతారు. నెలకు 13 సార్లు అనుకుందాం. 2025-26లో ఆంధ్రప్రదేశ్ ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన తోడు వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి 3,991 రూపాయలు. రోగి కూలి కూడా కలిపితే 7,982. డయాలసిస్ రోగికి ప్రభుత్వం ఇచ్చే పింఛను నెలకు 10,000. ఇది చిన్న మొత్తం కాదు. ఎందరి ఇళ్లలోనో పొయ్యి వెలగడానికి అదే కారణం, ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ డయాలసిస్ లేని రోజుల్లో కూడా రోగి పనికి పోలేడు కదా. ఆ రోజుల కూలి, ఆటో ఖర్చు, కార్డులో రాని మందులు, దారిలో తినే ఇడ్లీ, అన్నీ మిగిలిన ఆ రెండువేల చిల్లరలోనే సర్దుకోవాలి.

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. దీనివల్ల మేం తిరిగిన ఇళ్లలో ఒక మార్పు కనబడింది. ఇంతకుముందు తోడుగా కొడుకో తమ్ముడో పోయేవాడు, ఇప్పుడు భార్యో కూతురో పోతోంది. టికెట్ మిగిలింది నిజమే. ఆమె కూలి పోయింది, అది ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులు కూడా వైద్యంలో భాగమేనని, ఆ రోజులకు ఖరీదు ఉందని ఈ రాష్ట్రం ఒకసారి ఒప్పుకుంది. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో పథకం తెచ్చారు. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయిన మనిషికి డాక్టరు చెప్పిన విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000. మొత్తం తక్కువే కావచ్చు. కానీ దాని వెనకున్న ఆలోచన పెద్దది. "రెస్టు తీసుకో" అనే సలహాకు డబ్బు జతచేసింది. డబ్బు లేని సలహా పేదవాడికి నింద అవుతుంది. వారం తిరక్కుండానే పనికి పోయి కుట్లు పిగిలినవాణ్ణి "చెప్పిన మాట వినలేదు" అని ఆసుపత్రిలో తిడతారు. అతను విన్నాడు. ఇంట్లో బియ్యం లేవు, అంతే.

ఆరోగ్యశ్రీ కథకు ఈ నేలతో సంబంధం ఉంది. 2007లో దాన్ని మొదలుపెట్టిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి రాజకీయాల్లోకి రాకముందు డాక్టరు. కొంతకాలం జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేశారు, తర్వాత పులివెందులలో తండ్రి పేరుతో ఆసుపత్రి నడిపారు. జమ్మలమడుగులోని ఆ క్యాంప్‌బెల్ ఆసుపత్రి లండన్ మిషనరీ సొసైటీ వాళ్లది. కడప సీమలో ఆ సొసైటీ వెంట నడిచినవాళ్లు ఎక్కువగా మాలలు. మా పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని పేరుతో పిలవరు, "మిషన్ ఆసుపత్రి" అనే అంటారు. 2007 తర్వాత పెద్ద ఆపరేషన్లు పేదల చేతికి అందాయి. ఆ మాట కాదనేవాళ్లు వాడల్లో కనబడరు. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారుతుంది, ఎన్టీఆర్ వైద్యసేవ అవుతుంది, మళ్లీ ఆరోగ్యశ్రీ అవుతుంది, మళ్లీ వైద్యసేవ. పాత రోగుల ఫైళ్లలో అన్ని పేర్ల కాగితాలూ ఉంటాయి. ఏదీ పారెయ్యకండి. మొదటి డిశ్చార్జి కాగితం పదేళ్ల తర్వాత కూడా అవసరం పడుతుంది.

ఇప్పుడు తిండి. అందరికంటే ఎక్కువ అయోమయం ఇక్కడే.

మాకు పథ్యం అంటే పెద్దల నుంచి వచ్చిన లెక్క ఒకటుంది. ఆపరేషన్ అయితే పచ్చి ఒళ్లు, కారం తగ్గించు, వంకాయ వద్దు, కాళ్ల సూపు తాగించు, బలం వస్తుంది. కిడ్నీ రోగికి ఈ లెక్క పనికిరాదు. కాళ్ల సూపులో మాంసం తక్కువ, ఉప్పూ నీళ్లూ ఎక్కువ. అతనికి తగ్గించాల్సినవి ఆ రెండే. మూత్రం తగ్గిపోయిన మనిషి తాగిన ప్రతి చుక్కా ఒంట్లోనే నిలబడుతుంది. కాళ్లు ఉబ్బుతాయి, తర్వాత ఊపిరితిత్తుల్లో చేరుతుంది, రాత్రి పడుకుంటే ఊపిరాడదు. అందుకే రోజు మొత్తానికి అర లీటరు నీళ్లు, దానికి ముందురోజు పోసిన మూత్రం ఎంతో అంత కలిపి, ఇదీ మామూలుగా చెప్పే కొలత. టీ, మజ్జిగ, చారు కూడా ఈ కొలతలోకే వస్తాయి. కడప ఎండల్లో, 43 డిగ్రీల్లో, రేకుల కింద కూచుని అర లీటరుతో గడపడం ఎట్లాంటిదో రాతలో చెప్పలేం. చిన్నాయన పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పోసుకుంటాడు. నోరు ఎండితే ఐసు ముక్క చప్పరిస్తాడు, నీళ్లు పుక్కిలించి ఊసేస్తాడు. ఉప్పు తగ్గిస్తే దప్పిక తగ్గుతుంది. నీళ్లతో పోట్లాడే ముందు ఊరగాయతో పోట్లాడాలి.

సంగటి విషయం ఇంకా చిక్కు. షుగరు వచ్చినప్పుడు డాక్టరు అన్నం తగ్గించి రాగులు తినమన్నాడు. పదేళ్ల తర్వాత కిడ్నీలు పోయాయి, ఇప్పుడు రాగులు వద్దు, తెల్లన్నం తినమంటున్నారు. "ఈ డాక్టర్లకే ఒక మాట లేదు" అని మేం చాలా ఇళ్లలో విన్నాం. మాట రెండూ నిజమే. పాలిష్ బియ్యం కంటే రాగుల్లో పొటాషియం మూడు నాలుగు రెట్లు ఎక్కువ. కిడ్నీ బాగున్నప్పుడు అది మేలు. కిడ్నీ పోయాక ఆ పొటాషియం బయటికి పోయే దారి లేదు, రక్తంలో పేరుకుని గుండె కొట్టుకోవడాన్నే ఆపేయగలదు. ముందుగా నొప్పీ బాధా చెప్పదు. చెనిక్కాయల ఊరిబిండి, ఆకుకూరలు, టమాటా, అరటిపండు, అన్నిటికంటే ముందు కొబ్బరినీళ్లు ఈ లెక్కలోకే వస్తాయి. రోగిని చూడటానికి వచ్చేవాళ్లు బోండాలు పట్టుకొస్తారు, ప్రేమతోనే. వద్దని చెప్పండి. కూరగాయలను చిన్న ముక్కలు చేసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండితే పొటాషియం చాలా వరకు పోతుంది. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో సోడియం బదులు పొటాషియమే కలుపుతారు. కిడ్నీ రోగి దాన్ని ముట్టకూడదు.

మాంసం మాటకు వచ్చేసరికి కులం వచ్చి కూచుంటుంది. డయాలసిస్‌కు ముందు దశలో ప్రోటీన్ తగ్గించమంటారు. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. ప్రతిసారీ కొంత ప్రోటీన్ యంత్రంలో పోతుంది గనక మునుపటికంటే ఎక్కువ తినాలి, ఒంటి బరువులో కిలోకు రోజుకు ఒక గ్రాము, ఆపైన. ఈ తిరగబడ్డ సంగతి చాలామందికి ఎవరూ విప్పి చెప్పలేదు. పాత పథ్యమే పట్టుకుని, కండ కరిగి, బొమికలు తేలి ఉన్నవాళ్లను చూశాం. ఆహారం చీటీలో ప్రోటీన్ కోసం పన్నీరు, గుడ్డు తెల్లసొన, చేప, కోడి అని రాసి ఉంటుంది. మా ఇళ్లలో తక్కువ ధరకు ఎక్కువ ప్రోటీన్ ఇచ్చేది పెద్దకూర. ఆ మాట చీటీలో ఎక్కడా ఉండదు. "నాన్‌వెజ్ తింటారా?" అని అడిగితే "తింటాం సార్" అంటారు, ఏదో చెప్పరు. చెబితే మొహం ఎట్లా మారుతుందో తెలుసు. చెప్పకపోవడం వల్ల ఎంత తినాలో, ఎట్లా తినాలో సలహా దొరకదు. కొందరు పూర్తిగా మానేస్తారు, కొందరు దాచి తిని భయపడతారు.

మాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాం. పశుమాంసం విషం కాదు. ప్రోటీన్ విషయంలో అది మిగతా మాంసాల్లాంటిదే. ముక్కలు చిన్నవి చేసి, ఒకసారి ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండితే పొటాషియం, ఫాస్ఫరస్ తగ్గుతాయి. కార్జం, మూత్రపిండాల లాంటి లోపలి భాగాల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, అవి వద్దు. ఎండు తునకల్లో ఉప్పు దట్టించి ఉంటుంది, అవీ వద్దు. ఫాస్ఫరస్ మాత్ర ఇచ్చి ఉంటే అది అన్నంతో పాటే వేసుకోవాలి, పొద్దున ఖాళీ కడుపున వేసుకుంటే దండగ. ఎంత తినాలన్నది మీ రక్తపరీక్ష చూసి డాక్టరే చెప్పాలి. అందుకు మీరు తినేది ఏదో పేరు పెట్టి చెప్పండి. వినడం వాళ్ల పని.

ఇంతమందికి ఇక్కడ కిడ్నీలు ఎందుకు పోతున్నాయన్నది వేరే వ్యాసం. షుగరు, బీపీ ఏళ్ల తరబడి తెలియకుండా ఉండిపోవడం ఒక కారణం. ఒళ్లు నొప్పులకు రోజూ వాడే నొప్పి మాత్రలు ఇంకోటి. ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసి, సాయంత్రం ఆ మాత్ర వేసుకుంటే కిడ్నీకి రెండు దెబ్బలు ఒకేసారి. పులివెందుల వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పాత గోడు. తుమ్మలపల్లె యురేనియం వ్యర్థాల చెరువు వల్ల బోర్లు పాడయ్యాయని కె.కె. కొట్టాల రైతులు ఏళ్లుగా చెబుతున్నారు. యురేనియం ఒంట్లో చేరితే మొదట దెబ్బతినేది కిడ్నీయే. ఉద్దానం కోసం శ్రీకాకుళం జనం ఏళ్ల తరబడి అడిగితేనే 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. మా వైపు లెక్కలు తీయమని అడిగే గొంతు ఇంకా అంత గట్టిగా లేదు.

దీర్ఘ రోగంతో బతకడం గురించి మాట్లాడితే మాకు బాబాసాహెబ్ గుర్తుకొస్తారు. రాజ్యాంగ ముసాయిదా పని నడుస్తున్న కాలంలోనే మధుమేహం, కాళ్ల నరాల నొప్పులు ఆయన్ని నిద్రపోనివ్వలేదు. 1948 ఏప్రిల్ 15న ఆయన పెళ్లి చేసుకున్న శారదా కబీర్ డాక్టరు. సవితా అంబేడ్కర్‌గా 1956 డిసెంబరు 6 దాకా ఆయన తిండి, ఇన్సులిన్, విశ్రాంతి చూసుకున్నారు. ఆయన పట్టుదల గురించి మనం చాలా చెప్పుకుంటాం. ఆ పట్టుదల వెనక రోజూ ఒక మనిషి చేసిన పని ఉంది, దాని గురించి తక్కువ చెప్పుకుంటాం. వాడల్లో ఆ పని భార్యలు, కూతుళ్లు, కోడళ్లు చేస్తున్నారు. కిడ్నీ మార్పిడి దాకా పోతే ఇది ఇంకా తేటగా కనబడుతుంది. దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ, తీసుకునేవాళ్లలో మగవాళ్లు ఎక్కువ. ఇచ్చిన తర్వాత ఆమెకూ ఆపరేషన్ గాయం ఉంటుంది, ఆమె కూడా కొన్ని వారాలు బరువు మోయకూడదు.

చట్టం దగ్గర ఇంకో ఖాళీ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసేమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ లాంటి రక్త జబ్బులు అందులో ఉన్నాయి. వారానికి మూడు రోజులు యంత్రానికి కట్టుబడి ఉండే కిడ్నీ రోగం లేదు. పింఛను ఇచ్చేటప్పుడు రాష్ట్రం గుర్తించిన మనిషిని ఉద్యోగంలో, చదువులో, రుణంలో ఈ చట్టం గుర్తించదు. డయాలసిస్ మీద ఉన్న డిగ్రీ కుర్రాడికి హాజరు తక్కువైందని పరీక్ష ఆపితే అతను చూపించడానికి సర్టిఫికెట్ లేదు. దళిత సంఘాలు, వికలాంగుల సంఘాలు కలిసి ఈ ఒక్క చేర్పు కోసం అడగవచ్చు.

ఒకటి మాత్రం వాయిదా వేయకూడనిది. పండగనో, పెళ్లనో, కోతలనో, బస్సు లేదనో ఒక్క డయాలసిస్ తప్పించుకున్నా ప్రమాదమే. వారంలో రెండు రోజుల విరామం వచ్చే చోట, అంటే శుక్రవారం చేయించుకుని సోమవారం చేయించుకోవాల్సిన వాళ్లు మంగళవారానికి జరిపితే, ఒంట్లో నీరూ పొటాషియం నాలుగు రోజులది పేరుకుంటుంది. ఊరికి పోవాల్సి వస్తే వారం ముందే సెంటర్లో చెప్పి, పోయే ఊరి దగ్గర డయాలసిస్ ఎక్కడ దొరుకుతుందో, కార్డు అక్కడ చెల్లుతుందో లేదో కనుక్కోండి. పల్లెల నుంచి వచ్చేవాళ్లు పొద్దుటి షిఫ్టు కాకుండా మధ్యాహ్నం షిఫ్టు కావాలని రాసి ఇవ్వండి. మబ్బుతోనే లేచి మొదటి బస్సు పట్టుకున్నా పొద్దుటి షిఫ్టుకు అందని ఊళ్లు మా వైపు చాలా ఉన్నాయి.